సగం ఓడ

ఆ ఓడకు కుడి పక్క మాత్రమే ఉంది. ఎడమ పక్క లేదు. పైనుంచి అడుగుదాకా నిలువునా చీల్చి ఒక ముక్కను నిలబెట్టినట్టు నల్లబడిన ఓక్ దూలాలు, వాటి మధ్య అంతస్తులుగా డెక్కులు, అన్నిటికీ అడుగున సరుకు కొట్టు. ఇంగ్లండ్ దక్షిణ తీరంలో పోర్ట్స్‌మత్ పాత నౌకాదళ రేవులో, నెల్సన్ నడిపిన విక్టరీ నౌకకు దగ్గర్లోనే, మూడో నంబరు డ్రై డాక్ మీద కట్టిన మ్యూజియంలో ఉంది ఈ మేరీ రోజ్. సగమే మిగిలింది కాబట్టి దాని లోపలంతా బయటపడి ఉంటుంది. వంట ఎక్కడ వండారో, ఫిరంగులు ఏ వరసలో నిలిచాయో, వడ్రంగి గది ఎక్కడుందో నిలబడిన చోటి నుంచే చూసుకోవచ్చు. తేలుతున్న రోజుల్లో దాని మీద పనిచేసినవాళ్లకు కూడా ఓడ ఇలా ఒక్క చూపులో కనిపించి ఉండదు.

మనం నడిచే దారికి ఒకవైపు అసలు ఓడ ఉంటుంది. ఎదురుగా, పోయిన ఎడమ పక్క ఉండాల్సిన చోట, ఏ డెక్కు మీద దొరికిన వస్తువులను ఆ డెక్కు ఎత్తులోనే సర్దారు. ఫిరంగి బండ్లు, బాణాల పెట్టెలు, తోలు చెప్పులు, చెక్క గిన్నెలు అన్నీ ఎవరో ఇప్పుడే వదిలి వెళ్లినంత పొందికగా ఉంటాయి. వెలుతురు తక్కువ. ఉండి ఉండి ఓడ దూలాల మీద బొమ్మలు వెలుగుతాయి. మనుషులు తాళ్లు లాగుతారు, ఫిరంగి దగ్గర వంగుతారు, మెట్లెక్కుతారు, మాయమవుతారు.

సందర్శకుణ్ని కథలోకి దింపే హంగులు ఇప్పుడు చాలా మ్యూజియాల్లో వచ్చాయి. ఎక్కువచోట్ల అవి అసలు వస్తువును మింగేస్తాయి. బొమ్మలు గుర్తుంటాయి, వస్తువు గుర్తుండదు. మేరీ రోజ్‌లో అలాంటి ప్రదర్శనలు రెండున్నాయి. ఒకటి ఓడ మునిగిన రోజును చూపిస్తుంది. రెండోది 2023లో మొదలైన ‘డైవ్ ది మేరీ రోజ్ 4డి’. ఓడను వెతికి తీసిన డైవర్ల వెంట మనల్ని సముద్రం అడుక్కి తీసుకెళ్తుంది. ఇక్కడ ఈ హంగులు వస్తువుకు అడ్డం రాలేదనే నా అభిప్రాయం. ఆ కట్టెలు అక్కడ అలా నిలబడి ఉండటానికి ఎంత జరగాల్సి వచ్చిందో అవి చెబుతాయి.

ఎనిమిదో హెన్రీ గద్దెనెక్కిన తొలినాళ్లలో, 1510లో, పోర్ట్స్‌మత్‌లోనే ఈ ఓడ పని మొదలైంది. మరుసటేడు నీటిలోకి దిగింది. ఫ్రాన్స్‌తో జరిగిన యుద్ధాల్లో 34 ఏళ్లు పనిచేసింది. 1536 ప్రాంతంలో దాన్ని తిరగదోడి బలపరిచారు, బరువైన ఫిరంగులు ఎక్కించారు. హెన్రీ నౌకాదళానికి బొమ్మలతో సహా తయారుచేసిన ఆంథొనీ రోల్ అనే జాబితా 1546 నాటిది. అందులో మేరీ రోజ్ పేరిట 91 ఫిరంగులు, 200 మంది నావికులు, 185 మంది సైనికులు, 30 మంది ఫిరంగి పనివాళ్లు ఉన్నారు. ఆ జాబితా రాజుకు చేరేనాటికే ఓడ నీటి అడుగున ఉంది.

1545 జులైలో ఫ్రెంచి నౌకాదళం రెండు వందలకు పైగా ఓడలతో ఇంగ్లండ్ తీరం మీదికి వచ్చింది. పోర్ట్స్‌మత్‌కూ వైట్ ద్వీపానికీ మధ్య ఉన్న సొలెంట్ జలసంధిలో జులై 19న పోరు. హెన్రీ స్వయంగా సౌత్‌సీ కోట దగ్గర నిలబడి చూస్తున్నాడు. మేరీ రోజ్ ఫిరంగులు పేల్చింది, మలుపు తీసుకుంటోంది. అంతలో గాలి ఒక్కసారిగా విసిరింది. ఓడ కుడివైపుకి ఒరిగింది. పేల్చిన తర్వాత మూయకుండా వదిలేసిన కింది వరస ఫిరంగి కిటికీల్లోంచి నీళ్లు దూకాయి. శత్రువులు దూకి ఎక్కకుండా పై డెక్కు మీద బిగించిన వలలే సొంత మనుషులకు ఉచ్చయ్యాయి. 500 మంది దాకా ఉన్నవాళ్లలో బతికి బయటపడింది 35 మందికి లోపే. వైస్ అడ్మిరల్ సర్ జార్జ్ కేర్యూ కూడా ఓడతోనే పోయాడు.

ఇంత పెద్ద ఓడ నిమిషాల్లో ఎలా పోతుంది? ఓడ నిలకడ రెండు బలాల మధ్య లెక్క. దాని బరువంతా గరిమనాభి గుండా కిందికి లాగుతుంది. నీరు దాన్ని పైకి నెడుతుంది. ఓడ ఒక పక్కకు ఒరిగినప్పుడు ఆ పక్క ఎక్కువ భాగం నీళ్లలోకి దిగుతుంది కాబట్టి నీటి నెట్టుడు కూడా ఆ పక్కకే జరుగుతుంది. అలా జరిగిన నెట్టుడే ఓడను మళ్లీ నిటారుగా లేపుతుంది. ఫిరంగులు, ఎత్తైన కోట లాంటి కట్టడాలు, కవచాలు తొడిగిన సైనికులు ఇలా పైన బరువు పెరిగేకొద్దీ గరిమనాభి పైకి జరుగుతుంది, సరిదిద్దే బలం సన్నగిల్లుతుంది. అయినా గాలి వదలగానే లేచి నిలబడేదేమో. కిటికీ అంచు నీటిమట్టం దాటి కిందికి పోయాక ఆ అవకాశం లేదు. లోపలికొచ్చిన నీరు ఉన్నచోట ఉండదు, పల్లానికే పరిగెత్తుతుంది. ఒరిగిన వైపే బరువు పెరుగుతుంది, ఓడ ఇంకా ఒరుగుతుంది, ఇంకో కిటికీ మునుగుతుంది.

తమ గుండు తగిలే మునిగిందని ఫ్రెంచివాళ్లు చెప్పుకున్నారు. సిబ్బంది మాట వినలేదని, ఓవర్‌లోడ్ అయిందని కూడా వాదనలున్నాయి. ప్రాణాలతో బయటపడ్డ ఒక ఫ్లెమిష్ మనిషి చెప్పింది మాత్రం గాలి, తెరిచి ఉన్న కిటికీలు. పవిత్ర రోమన్ చక్రవర్తి రాయబారి వాన్ డెర్ డెల్ఫ్ట్ ఆ మాటను తన లేఖలో రాశాడు. కింది డెక్కు మీద ఫిరంగులు బారు చేసి, కిటికీల తలుపులు పైకెత్తి ఉన్న స్థితిలోనే ఓడ దొరకడం ఈ మాటకు బలం. నేను ఈ సాక్ష్యం వైపే మొగ్గుతాను.

ఇప్పుడు సగమే ఎందుకు మిగిలిందో చూద్దాం. ఓడ కుడి పక్క మీద సుమారు 60 డిగ్రీల వాలుతో మెత్తటి అడుగులో దిగబడింది. సొలెంట్ ఆటుపోట్లు మోసుకొచ్చిన ఒండ్రు లోపలంతా త్వరగా నిండింది. బురదలో కూరుకున్న కుడి పక్కకు ఆక్సిజన్ అందలేదు. చెక్క తొలిచే జీవులకు అక్కడ బతుకు లేదు. పైకి తేలి ఉన్న ఎడమ పక్కను ప్రవాహం అరగదీసింది, ఓడపురుగులు, గ్రిబుల్ అనే పొట్టి జలచరాలు తొలిచేశాయి. చివరికి అది కూలి కొట్టుకుపోయింది. తర్వాత గట్టి బూడిదరంగు బంకమట్టి పొర వచ్చి మొత్తాన్ని మూసింది. చెక్కే కాదు, తోలు, ఉన్ని, పట్టు, ఎముక, పండ్ల గింజలు కూడా ఆ మూత కింద నిలిచాయి. 1545లో ఒక వేసవి రోజున ఒక ఓడలో ఏమేం ఉన్నాయో అన్నీ ఒకేచోట దొరకడం పురావస్తు శాస్త్రంలో చాలా అరుదు.

మునిగిన కొద్ది రోజులకే దాన్ని లేపే ప్రయత్నం జరిగింది. వెనిస్ నిపుణులను పెట్టి, రెండు ఓడల మధ్య మోకులు కట్టి, పోటు నీళ్ల బలంతో లేపాలని చూశారు. ఓడ కదల్లేదు, పెద్ద తెరచాప కొయ్య మాత్రం విరిగింది. తర్వాత ఫిరంగులనైనా తీయడానికి పియెరో పావొలో కోర్సీ అనే వెనిస్ మనిషిని కుదుర్చుకున్నారు. అతని దగ్గర పనిచేసిన ప్రధాన డైవర్ జాక్ ఫ్రాన్సిస్. పశ్చిమాఫ్రికా నుంచి వచ్చినవాడు, ఊపిరి బిగబట్టి మునగడంలో మేటి. 1548లో ఒక కేసులో లండన్ నౌకా న్యాయస్థానంలో సాక్ష్యం కూడా చెప్పాడు. ఇంగ్లండ్ కోర్టులో గొంతు వినిపించిన తొలి ఆఫ్రికన్లలో ఒకడిగా చరిత్రకారులు అతణ్ని గుర్తిస్తారు. మేరీ రోజ్ కథలో రాజుల పేర్ల పక్కన ఈ పేరు కూడా గుర్తుండాలి.

ఆ తర్వాత ఓడను లోకం మరిచిపోయింది. 1836లో జాలర్ల వలలు అడుగున దేనికో చిక్కుకుంటుంటే, అప్పుడప్పుడే తయారైన లోహపు శిరస్త్రాణంతో నీళ్లలో దిగే జాన్ డీన్‌ను పిలిచారు. అతను ఒక కంచు ఫిరంగి తీశాడు, విల్లులు తీశాడు, కొన్నేళ్లకు వదిలేశాడు. చోటు మళ్లీ మరుగున పడింది.

1965లో అలెగ్జాండర్ మెక్కీ అనే రచయిత, సరదాగా డైవింగ్ చేసే మిత్రులను కూడగట్టుకుని వెతకడం మొదలుపెట్టాడు. చేతిలో డబ్బు లేదు. డీన్ పనిచేసిన చోటును గుర్తుపెట్టిన 1841 నాటి పటం ఒకటి దొరికింది. వేగంగా కదిలేవాటిని ఫోటోలు తీయడంలో పేరుమోసిన ఎంఐటీ ఆచార్యుడు హెరాల్డ్ ఎడ్జర్టన్ తన సోనార్ పరికరాన్ని తెచ్చి సాయం చేశాడు. సోనార్ శబ్దాన్ని పంపి, దేన్ని తాకి ఎంతసేపటికి తిరిగొచ్చిందో లెక్కిస్తుంది. కొన్ని రకాలు అడుగు బురదలోకి కూడా దూరి, లోపల గట్టిగా ఏముందో చెబుతాయి. అడుగు మట్టి కింద ఏదో పెద్ద ఆకారం ఉన్నట్టు కనిపించింది. వేరెవరూ దోచుకోకుండా ఆ కొద్దిపాటి సముద్రపు అడుగును ఏడాదికి ఒక పౌండు కౌలుకు తీసుకున్నారు. 1971 మే 5న పెర్సీ ఆక్లండ్ అనే డైవర్‌కు బురదలోంచి పొడుచుకొచ్చిన ఓడ పక్కటెముకలు కనిపించాయి.

4డి ప్రదర్శన మనల్ని దింపేది ఈ కాలంలోకే. తెర మీది బొమ్మకు తోడు శరీరానికీ కదలిక తెలియడం ఈ పద్ధతిలో కీలకం. ఇది పనిచేయడానికి కారణం మన లోచెవిలో ఉంది. అక్కడ జిగురు లాంటి పొర మీద సన్నని కాల్షియం కార్బనేట్ స్ఫటికాలు ఉంటాయి. తల వెనక్కి వాలినా అవి వెనక్కి జరుగుతాయి, శరీరం హఠాత్తుగా ముందుకు దూసుకెళ్లినా వెనక్కే జరుగుతాయి. రెంటికీ తేడాను ఆ స్ఫటికాలు చెప్పలేవు. మెదడు కళ్లను అడిగి తేల్చుకుంటుంది. తెర మీద మనం ముందుకు దూసుకెళ్తున్నట్టు చూపిస్తూ కుర్చీని మెల్లగా వెనక్కి వాలిస్తే, మెదడు దాన్ని వేగంగానే లెక్కవేస్తుంది. పైలట్లకు శిక్షణ ఇచ్చే సిమ్యులేటర్ల కిటుకు కూడా ఇదే. కన్ను చెప్పింది, చెవి చెప్పింది పొంతన కుదరకపోతే కొందరికి కడుపులో తిప్పుతుంది. ప్రయాణంలో వాంతులయ్యేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

నీళ్లలో చూపు, వినికిడి ఎలా మారతాయో కూడా తెలుసుకుని వెళ్తే ప్రదర్శన ఇంకా బాగా అర్థమవుతుంది. నీరు ఎరుపు రంగును మొదట మింగేస్తుంది. కొన్ని మీటర్ల లోతుకే లోకమంతా ఆకుపచ్చగా, బూడిదగా మారుతుంది. పైగా సొలెంట్‌లో ఎప్పుడూ ఒండ్రు. చాచిన చెయ్యి కూడా సరిగా కనపడని రోజులుంటాయి. శబ్దం గాల్లో సెకనుకు 340 మీటర్లు వెళ్తే నీటిలో సుమారు 1500 మీటర్లు వెళ్తుంది. ఒక చెవికి ముందు, ఇంకో చెవికి తర్వాత చేరే తేడాతో దిక్కును పట్టే మన మెదడు అంత వేగం దగ్గర తికమక పడుతుంది. చప్పుడు ఎటునుంచో తెలియదు. ఓడ పడి ఉన్న లోతు పన్నెండు మీటర్ల అటూఇటూ. అక్కడ ఒత్తిడి గట్టు మీద ఉన్నదానికి రెట్టింపు దాటుతుంది. కుర్చీ ఎంత ఊగినా ఆ ఒత్తిడిని, ఆ చలిని ఇవ్వలేదు. ఆ చీకటి నీళ్లలో చేత్తో తడుముతూ పనిచేసినవాళ్ల ఓర్పు ఎలాంటిదో తెలియజేస్తే చాలు. ఆ పని ప్రదర్శన చేసింది.

1979లో మేరీ రోజ్ ట్రస్టు ఏర్పడ్డాక తవ్వకం ఊపందుకుంది. నాయకత్వం మార్గరెట్ రూల్‌ది. పురావస్తు శాస్త్రవేత్త అయిన ఆమె కిందివాళ్లు తెచ్చి చూపిస్తే చాలదని నలభై దాటాక డైవింగ్ నేర్చుకుంది. స్వీడన్‌లో వాసా ఓడ పనికి వాడిన స్లైప్‌నర్ నౌకనే తెచ్చి ఇక్కడ నిలిపారు. 500 మందికి పైగా స్వచ్ఛంద డైవర్లు దాదాపు 28 వేల సార్లు దిగారు. బురదను పీల్చే గొట్టాలు, తాపీలు, కుంచెలు, ఎక్కువగా చేతులు. సుమారు 19 వేల వస్తువులు తీశారు. ప్రతిదాన్నీ ఏ చోట, ఏ వాలులో ఉందో రాసుకున్నాకే కదిపారు.

1982 అక్టోబర్ 11న ఓడను లేపారు. ఓడ కట్టెలకు బోల్టులు బిగించి, తీగలతో పైన ఒక ఉక్కు చట్రానికి వేలాడదీశారు. ముందు చట్రాన్ని కొద్దికొద్దిగా జాకీలతో లేపి, బురద పట్టు వదిలించారు. ఒకేసారి లాగితే ఆ పట్టే ఓడను ముక్కలు చేసేది. తర్వాత నీళ్లలోనే జరిపి, మెత్తని సంచులు పరిచిన ఉక్కు ఊయల మీదికి దించి, టాగ్ మోర్ అనే పెద్ద తేలే క్రేన్‌తో మొత్తంగా ఎత్తారు. ఓడ నీటి పైకి వచ్చాక చట్రంలో ఒక పిన్ను జారి, ఒక మూల దభీమని కూలింది. కోట్లమంది టీవీలో ఆ చప్పుడు విన్నారు. అదృష్టవశాత్తు దెబ్బ పెద్దది కాదు.

నా దృష్టిలో అసలు కథ ఆ రోజు సాయంత్రం మొదలవుతుంది. సాధారణంగా మ్యూజియంలో జనం వేగంగా దాటేసేది కూడా ఈ భాగాన్నే.

ఓక్ కణం గోడకు బలం సెల్యులోజ్ పోగులది. వాటిని అంటించి పట్టి ఉంచేది లిగ్నిన్. ఆక్సిజన్ లేని బురదలోనూ బతకగల బాక్టీరియా కొన్ని ఉన్నాయి. అవి సెల్యులోజ్‌ను మెల్లగా తింటాయి, లిగ్నిన్ జోలికి పెద్దగా పోవు. 437 ఏళ్లు గడిచేసరికి దూలాల బయటి పొరల్లో మిగిలింది గుల్లే. చూడ్డానికి దూలమే. కానీ ఆ గుల్లను ఉబ్బించి నిలబెడుతున్నది లోపలి నీరు. దాన్ని గాలికి వదిలేస్తే నీరు ఆవిరవుతూ, తలతన్యత వల్ల బలహీనమైన కణం గోడలను తనతో పాటు లోపలికి లాగేస్తుంది. కట్టె ఎండలో పెట్టిన మామిడి ఒరుగులా ముడుచుకుని, మెలితిరిగి, పగిలిపోతుంది. మళ్లీ నీళ్లలో నానబెట్టినా పాత రూపం రాదు.

అందుకే పైకి వచ్చిన ఓడను ఒక్క పూట కూడా ఆరనివ్వలేదు. డ్రై డాక్‌లో పెట్టి, 5 డిగ్రీలకు లోపు చల్లబరిచిన మంచినీళ్లను దాని మీద చల్లుతూ వచ్చారు. ఉప్పు కరిగి పోవాలి, బూజు పట్టకూడదు, కట్టె తడిగా ఉండాలి. 1985లో పక్కకి పడి ఉన్న ఓడను నిటారుగా తిప్పారు. ఇలా పన్నెండేళ్లు. 1994లో నీళ్లకు బదులు పాలీ ఇథిలీన్ గ్లైకాల్ ద్రావణం చల్లడం మొదలైంది. పొట్టిగా పెగ్ అంటారు. నీళ్లలో కరిగే మైనం లాంటి పదార్థం, మన మందుల్లో, లేపనాల్లో వాడేదే. దీని అణువులు కణాల్లోకి చేరి, నీరు ఖాళీ చేసిన చోట కూర్చుని గోడలను పడిపోనివ్వవు. మొదట చిన్న అణువులున్న రకాన్ని వాడారు, అది కణం గోడల్లోకి లోతుగా ఇంకుతుంది. 2006 నుంచి పెద్ద అణువుల రకం. అది బాగా దెబ్బతిన్న బయటి పొరలను నింపి గట్టిపరుస్తుంది. 2013 ఏప్రిల్‌లో జల్లు ఆపేశారు. అంటే సముద్రం నుంచి తీశాక ఆ ఓడ ముప్పై ఏళ్లకు పైగా వానలోనే ఉంది. ఆ మే నెలాఖరుకు మ్యూజియం తెరిచారు. ఓడ చుట్టూ గాలి గొట్టాలు పెట్టి మెల్లగా ఆరబెట్టడం మాత్రం సాగుతూనే ఉంది. సందర్శకులకు చిన్న కిటికీల్లోంచే చూపించారు. 2016 జులైలో గాని గొట్టాలు తీసేసి, నిండుగా చూసే ఏర్పాటు కుదరలేదు.

చిన్న వస్తువులది మరో దారి. పెగ్‌లో నానబెట్టి, గడ్డకట్టించి, గాలి తీసేసిన గదిలో పెడతారు. మంచు నీరుగా మారకుండానే నేరుగా ఆవిరవుతుంది. నీరన్నదే లేకపోతే తలతన్యత లాగుడూ లేదు. ఓడ మొత్తం పట్టే అలాంటి గది లేదు కాబట్టే దానికి అన్ని ఏళ్ల జల్లు.

ఇంతటితో అయిపోలేదు. బురదలో సల్ఫేట్‌తో బతికే బాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడ్‌ను విడుస్తుంది. ఆ గంధకం కట్టెలోకి చేరింది. తుప్పుపట్టిన మేకులు, బోల్టులు, గుండ్ల నుంచి ఇనుమూ చేరింది. రెండూ కలిసి ఐరన్ సల్ఫైడ్లుగా కణాల మధ్య కుదురుకున్నాయి. సముద్రం అడుగున ఉన్నంతకాలం అవి ఏమీ చేయవు. పైకి తెచ్చి ఆక్సిజన్ తగలనిస్తే సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడుతుంది, అదే కట్టెను లోపలి నుంచి కొరుకుతుంది. స్టాక్‌హోమ్‌లోని వాసా ఓడను 1961లో తీసి, పెగ్ పట్టించి, అంతా బాగుందనుకున్నారు. 2000లో దాని కట్టెల మీద తెల్లని, పసుప్పచ్చని ఆమ్ల లవణాలు పూసేసరికి ప్రపంచంలోని ఓడ సంరక్షకులందరూ ఉలిక్కిపడ్డారు. మేరీ రోజ్‌లో సుమారు 2 టన్నుల గంధకం ఉందని 2005లో లెక్క తేలింది. అప్పటి నుంచి ఆమ్లాన్ని విరిచే స్ట్రాన్షియం కార్బనేట్ నానోకణాల మీద, ఇనుమును పట్టి లాగేసే రసాయనాల మీద పరిశోధనలు సాగుతున్నాయి. ఇప్పటికి ఉన్న ముఖ్యమైన కాపు ఆ గదిలోని గాలి. దాని ఉష్ణోగ్రత, తేమ పగలూ రాత్రీ ఒకే తీరున ఉంచాలి. సందర్శకుల గుంపు ఎక్కువైనా, బయట వాన పడినా మారకూడదు.

వస్తువుల్లో నా కాళ్లను ఆపేసింది ఒక దువ్వెన. బాక్స్‌వుడ్ చెక్కతో చేసింది, అరచేతిలో పట్టేంత. ఒక వైపు పళ్లు దూరంగా, ఇంకో వైపు వెంట్రుక పట్టేంత సన్నగా. అది పేల దువ్వెన. పళ్ల సందుల్లో నాటి పేల అవశేషాలు కూడా దొరికాయి. ఇలాంటి దువ్వెనలు 82 తేలాయి. దగ్గర్లోనే వైద్యుడి పెట్టె. లేపనాల డబ్బాలు, సిరంజి, అతని మఖమలు టోపీ. ఇంకోచోట చెక్క మిరియాల మర, మిరియాలు. నాటి యూరప్‌కు మిరియాలు చేరేది మన మలబారు తీరం నుంచి, దానికి తూర్పున ఉన్న దీవుల నుంచి. ఆ గింజలు ఎక్కిన ఓడలు ఎన్నో, దిగిన రేవులు ఎన్నో. చివరి రేవు ఈ బురద అయింది.

కనీసం 179 మంది అవశేషాలు దొరికాయి. చాలామంది ఇరవైల్లో ఉన్నవాళ్లు, కొందరు పిల్లలు. ఓడలో 137 నిండు విల్లులు, 3,500కు పైగా బాణాలు ఉన్నాయి. యూ చెట్టు కర్రతో చేసిన ఆ విల్లులను నిండుగా లాగాలంటే 45 నుంచి 80 కిలోల దాకా బలం కావాలని లెక్క కట్టారు. అలాంటి బలం చిన్ననాటి నుంచి సాధన చేస్తేనే వస్తుంది. భుజం దగ్గర రెక్క ఎముక కొస మామూలుగా యవ్వనం ముగిసేసరికి అతుక్కుంటుంది. ఈ అస్థిపంజరాల్లో అతుక్కోనివి మామూలు కన్నా ఎక్కువగా కనిపించాయి. ఎముక ముదిరే వయసులో బరువైన విల్లు లాగడమే కారణమని ఆన్ స్టర్లండ్ అనే ఎముకల శాస్త్రవేత్త ప్రతిపాదించింది.

పంటి ఎనామెల్ ఇంకో రకం సాక్షి. చిన్నప్పుడు ఏర్పడ్డాక అది మారదు. తాగిన నీటిని బట్టి అందులో ఆక్సిజన్ ఐసోటోపుల పాళ్లు, పెరిగిన చోటి రాళ్లను బట్టి స్ట్రాన్షియం పాళ్లు మారతాయి. ఎనిమిది మంది పళ్లను ఇలా పరీక్షించిన కార్డిఫ్ విశ్వవిద్యాలయ అధ్యయనం 2021లో వెలువడింది. వారిలో ముగ్గురు ఇంగ్లండ్ కన్నా వెచ్చని, దక్షిణాది తీరాల్లో పెరిగి ఉండొచ్చని తేలింది. హెన్రీ రాజు ఓడలో అందరూ ఇంగ్లిషువాళ్లే అన్న ఊహ అక్కడితో చెదిరింది. వడ్రంగి గది దగ్గర దొరికిన కుక్కను చాలాకాలం ఆడకుక్క అనుకున్నారు. డీఎన్‌ఏ పరీక్షలో మగదని బయటపడింది. రెండేళ్ల లోపు వయసు. దాని అస్థిపంజరం కూడా మ్యూజియంలో ఉంది.

మునిగిన ఓడ శ్మశానం కూడా అన్న సంగతి ఇక్కడివాళ్లు మరవలేదు. పేరు తెలియని ఒక నావికుణ్ని 1984లో పోర్ట్స్‌మత్ కెథడ్రల్‌లో అతని కాలపు మతాచారంతో ఖననం చేశారు. మన విశాఖ తీరానికి చేరువలో 1971లో మునిగిన పాకిస్తానీ జలాంతర్గామి ఘాజీని కూడా, అందులో పోయినవారి పట్ల గౌరవంతో, మన నౌకాదళం కదపకుండా వదిలేసింది. ఇలాంటి విషయాల్లో శత్రువు, మిత్రుడు అన్న తేడా పాటించకపోవడం సముద్రం మీద పనిచేసేవాళ్ల మర్యాద.

మేరీ రోజ్‌ను తీయడం మంచి పనే. తీయకపోతే ఇప్పుడు చెప్పుకున్న సంగతుల్లో సగం మనకు తెలిసేవి కావు. అయితే అలాంటి పని ప్రతి ఓడకూ చేయకూడదు, చేయలేరు కూడా. ఎత్తడానికి ఒక రోజు పడితే, నిలబెట్టడానికి ముప్పై ఏళ్లు పట్టింది, కాపలాకు ముగింపు లేదు. నీటి అడుగు వారసత్వం మీద యునెస్కో 2001లో చేసిన ఒప్పందం ఉన్నచోటే కాపాడటం మొదటి మార్గంగా చూడాలంటుంది. మేరీ రోజ్ ముక్కు భాగంలో కొంత ఇప్పటికీ సొలెంట్ అడుగునే ఉంది. 2005లో ముందరి కొమ్మును, ఒక లంగరును తీసి, మిగతాది మట్టి కిందే వదిలారు. దాన్ని చూడటానికి మనకు మిగిలిన దారి 4డి లాంటి ప్రదర్శనలే. ఓడను కదపకుండా మనిషినే ఓడ దగ్గరికి తీసుకెళ్లే ఈ పద్ధతికి డబ్బు పెట్టడం దండగ కాదని, రేపటి సముద్ర పురావస్తు శాస్త్రానికి ఇదే సరైన దారి అని నేను నమ్ముతాను.

ఇంగ్లండ్‌లో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులకు, పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులకు ఒక మాట. లండన్ వాటర్‌లూ స్టేషన్ నుంచి పోర్ట్స్‌మత్ హార్బర్‌కు నేరుగా రైళ్లున్నాయి. దిగి నడిచే దూరంలోనే రేవు. కనీసం సగం రోజు పెట్టుకోండి. ముందు ఓడను చూడండి, తర్వాత 4డిలో కూర్చోండి, ఆ తర్వాత మళ్లీ ఓడ దగ్గరికి వెళ్లండి. కట్టెల రసాయనం గురించిన బోర్డులను వదలకుండా చదవండి. పై అంతస్తుకు ఎక్కండి. అక్కడ ఓడకూ మీకూ మధ్య అద్దం ఉండదు.